ఇంటర్నెట్టు వడ్డనలో ఎవరి వంతు ముందు?



ఈ రోజుల్లో మన ఇళ్ళలో తరచు వినిపించే కేక ఒకటుంది. "ఇంటర్నెట్టంతా ఎవరు లాగేస్తున్నారు? నా మీటింగు ఆగిపోయింది!" అని ముందుగదిలోంచి శ్రీవారు. "అమ్మా, టీచరుగారి బొమ్మ కదలడం లేదు" అని పడగ్గదిలోంచి పిల్లవాడు. "భజన మధ్యలో ఏదో గుండ్రంగా తిరుగుతోందే తల్లీ" అని టీవీ ముందు కూర్చున్న అత్తగారు. ముగ్గురూ పిలిచేది మనల్నే. మనం వెళ్ళి, ఆ దీపాలు మినుకుమినుకుమనే పెట్టెను ఒకసారి ఆపి మళ్ళీ వేస్తాం. పది నిమిషాలు బాగుంటుంది. మళ్ళీ కథ మొదటికే వస్తుంది.

ఆఖరికి ఇంటిల్లిపాదీ కలిసి ఒక తీర్మానం చేస్తారు. "ఈ ప్లాను చాలదు, ఇంకా పెద్దది వేయించాలి" అని. నెలనెలా ఇంకో రెండు మూడు వందలు పెరుగుతాయి. చాలా ఇళ్ళలో ఆ ఖర్చు పెరిగినా కేకలు మాత్రం తగ్గవు. ఎందుకు తగ్గవో, పైసా ఖర్చు లేకుండా వాటిని తగ్గించే మార్గమేమిటో ఇవాళ చెప్పుకుందాం.

నేను పదో తరగతి వరకు చదువుకున్న గృహిణిని. కనుక ఇంజనీర్ల భాష జోలికి పోకుండా వంటింటి భాషలోనే చెబుతాను. చెప్పాలంటే ఈ విషయానికి అంతకంటే మంచి భాష లేదు కూడాను.

పెనం ఒకటి, తినేవాళ్ళు ఆరుగురు

బయటినుంచి మన ఇంటికి వచ్చే ఇంటర్నెట్టు తీగను దోసెల పెనం అనుకోండి. పెనం ఒక్కటే. దాని మీద ఒకసారికి ఒక్క దోసే అవుతుంది. ఆదివారం పొద్దున పెద్దబ్బాయి వచ్చి, "అమ్మా, నాకు 20 దోసెలు డబ్బాలో పెట్టివ్వు, స్నేహితులకు పట్టుకెళ్ళాలి" అన్నాడు. అదే సమయానికి మామగారికి మాత్ర వేసుకునే ముందు ఒక్క దోసె కావాలి. అబ్బాయి ముందు అడిగాడు కదా అని, 20 దోసెలూ అయ్యేదాకా మామగారిని కూర్చోబెడతామా? కూర్చోబెట్టం. మధ్యలో ఆయనకొకటి పోసి ఇచ్చి, మళ్ళీ డబ్బా సంగతి చూస్తాం. అబ్బాయికి రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అది వాడికి తెలియను కూడా తెలియదు. మామగారికి మాత్రం వేళకు అందుతుంది.

ఈ పని మనం ఆలోచించకుండానే చేస్తాం. రౌటరు అనే ఆ పెట్టెకు మాత్రం ఈ ఇంగితం పుట్టుకతో రాదు. మామూలుగా అది ఎవరు ముందు వస్తే వారికే ముందు అనే లెక్కన నడుస్తుంది.

ఇంటర్నెట్టులో వెళ్ళేది మాటగానీ, ఫోటోగానీ, సినిమాగానీ, దేన్నయినా చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపిస్తారు. ఒక పొట్లం మామూలుగా 1500 బైట్లకు మించదు. మనం ఫోనులో మాట్లాడే మాట ఇంకా చిన్న పొట్లాలుగా, సెకనుకు కొన్ని పదుల చొప్పున బయలుదేరుతుంది. అదే ఎవరైనా ఒక పెద్ద ఆట డౌన్‌లోడు పెట్టారంటే, సెకనుకు వేల పొట్లాలు వచ్చిపడతాయి. మన మాటల పొట్లం వెళ్ళి ఆ వేల పొట్లాల వెనక నిలబడుతుంది. దాని వంతు వచ్చేసరికి మాట చల్లారిపోతుంది. అప్పుడే మనకు "హలో... హలో... వినబడుతోందా?" అనే పాట మొదలవుతుంది.

మాట ఎంత ఆలస్యమైతే ఇబ్బందో చెప్పే లెక్క కూడా ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారి ప్రమాణం ప్రకారం, మాట ఇక్కణ్ణుంచి అక్కడికి చేరడానికి 150 మిల్లీ సెకన్లలోపు పడితే మాట్లాడుకునేవారికి పెద్దగా తేడా తెలియదు. 400 దాటిందా, ఒకరి మాట మీద ఒకరు పడిపోయి సంభాషణ సాగదు. మిల్లీ సెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఇప్పుడు చూడండి. మన ఇంటినుంచి బయటికి పంపే వేగం సెకనుకు 10 మెగాబిట్లు అనుకుందాం. తీగ మొదట్లో ఒక్క మెగాబైటు సరుకు వరసలో పేరుకుందంటే చాలు, దాని వెనక నిలబడ్డ మాటకు 800 మిల్లీ సెకన్ల ఆలస్యం. తీగలో సత్తా లేకపోవడం కాదు, వరస లేకపోవడమే అక్కడి కష్టం.

ముందు ఇంటి లెక్క చూద్దాం

ప్లానుల ప్రకటనల్లో కనిపించే ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని. ఫోనులో ఫోటోల సైజు చూపించే మెగాబైటు వేరు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కనుక 40 ఎంబీపీఎస్ ప్లాను అంటే సెకనుకు 5 మెగాబైట్లన్నమాట. ఈ తేడా తెలియక "40 అని చెప్పి 5 ఇస్తున్నారు" అని పోట్లాడేవాళ్ళున్నారు!

ఆరుగురున్న ఇంట్లో 40 ఎంబీపీఎస్ ప్లాను ఉందనుకోండి. శ్రీవారి వీడియో మీటింగుకు ఎక్కువలో ఎక్కువ 4. పిల్లవాడి క్లాసుకు ఇంకో 4 వేద్దాం. నెట్‌ఫ్లిక్స్ వారు తమ సినిమా ఫుల్ హెచ్‌డీలో చూడడానికి 5, పెద్ద టీవీలో 4కేలో చూడడానికి 15 కావాలంటారు. సరే, 15 వేయండి. మనం అమ్మతో ఫోనులో మాట్లాడడానికి ఒకటిలో పదోవంతు చాలు. మొత్తం కలిపితే 24 కూడా కాలేదు. 40లో ఇంకా 16 మిగిలే ఉంది!

మరి కేకలెందుకు? ఈ లెక్కలోకి రాని భోక్తలు వేరే ఉన్నారు కనుక. ఎంత పెడితే అంత తినేసి ఇంకా తెమ్మనే రకం. 50 గిగాబైట్ల కంప్యూటరు ఆట ఒకటి దింపుకోవడం మొదలుపెడితే, 40 ఎంబీపీఎస్ మొత్తం దానికే ధారపోసినా రెండుగంటల ముప్పావు పడుతుంది. అంతసేపూ అది పెనం వదలదు. ప్లాను 100కి పెంచారనుకోండి, అది 100నీ తింటుంది, కాకపోతే గంట దాటాక లేస్తుంది. ఖర్చు పెరిగినా కేకలు తగ్గకపోవడంలోని రహస్యం ఇదే.

కంటికి కనిపించని రెండో దారి

ఇంటర్నెట్టుకు రెండు దార్లున్నాయి. బయటినుంచి మనకు వచ్చేది డౌన్‌లోడు. మన ఇంటినుంచి బయటికి వెళ్ళేది అప్‌లోడు. అందరి దృష్టీ మొదటిదాని మీదే ఉంటుంది. కొన్ని కనెక్షన్లలో రెండో దారి మొదటిదానికంటే బాగా ఇరుకు. ఆ ఇరుకు దారిలోనే మన మాటా, మన బొమ్మా అవతలివారికి వెళ్ళాలి.

మా పక్క వాటాలోని అక్కయ్యగారు అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ పిల్లలకు పొద్దున్నే ఆరింటికి వీడియోలో సంగీతం చెబుతారు. మనకు ఉదయమైతే వాళ్ళకు సాయంత్రం కదా! ఈ మధ్య కొన్నాళ్ళు ఆవిడ గమకం పలికితే అక్కడి పిల్లలకు ముక్కలు ముక్కలుగా వినిపించేది. తాళం ఇక్కడొకచోట, అక్కడొకచోట. ఇద్దరు పిల్లల తల్లులు మర్యాదగానే "కొన్నాళ్ళు ఆపుదామండీ" అన్నారు. ఆవిడకు ఆ ఫీజులే చేతిఖర్చు. అంతకుమించి, పాతికేళ్ళ విద్య అది. ఇంట్లోవారు ప్లాను పెంచారు. డౌన్‌లోడు పెరిగింది, పాట మాత్రం బాగుపడలేదు.

చివరికి తేలిందేమిటంటే, రాత్రి చార్జింగుకు పెట్టిన నాలుగు ఫోన్లూ ఆ రోజు తీసిన ఫోటోలనూ వీడియోలనూ తమంతట తాము గూగుల్ ఫోటోస్‌కు పంపుకుంటున్నాయి. బంధువుల పెళ్ళి వీడియోలు 2 గిగాబైట్లున్నాయంటే, 10 ఎంబీపీఎస్ అప్‌లోడులో అవి వెళ్ళడానికే 27 నిమిషాలు. దానికితోడు గుమ్మం దగ్గర కెమెరా రాత్రింబవళ్ళు బొమ్మలు పంపుతూనే ఉంటుంది. సంగీతానికి దారేది?

వాళ్ళబ్బాయి రౌటరులో ఒక ఏర్పాటు చేశాడు. ఆవిడ పాఠం చెప్పే టాబ్లెట్టుకు మొదటి వంతు. ఫోన్ల ఫోటోలకు ఆఖరి వంతు. అంతే. ఫోటోలు ఇప్పటికీ వెళుతూనే ఉన్నాయి, ఒక గంట ఆలస్యంగా. ఆ గంట ఎవరికీ తెలియదు. గమకం తెగితే మాత్రం అందరికీ తెలుస్తుంది.

మూడు బంతులు వేయండి

కనుక ముందు ఒక కాగితం తీసుకుని, ఇంట్లో ఇంటర్నెట్టు వాడే పనులన్నీ రాసి, మూడు బంతులుగా విడదీయండి.

మొదటి బంతి, ఒక్క క్షణం కూడా ఆగలేనివి. ఫోను మాటలు, వీడియో కాల్సు, క్లాసులు, ఆన్‌లైను పరీక్షలు, ఉద్యోగాల ఇంటర్వ్యూలు, ఈసంజీవని వంటి వాటిలో డాక్టరుగారితో మాట్లాడడం. వీటిలో తమాషా ఏమిటంటే ఇవి తినేది చాలా తక్కువ. కాని వేళకు అందాలి. చంటిపిల్లల పాలలాగా.

రెండో బంతి, కాస్త ఓర్చుకోగలిగినవి. టీవీలో సినిమాలు, సీరియళ్ళు, యూట్యూబు. ఇవి రాబోయే కొన్ని సెకన్ల బొమ్మను ముందే తెచ్చి దాచిపెట్టుకుంటాయి. మధ్యలో ఒక క్షణం సరుకు రాకపోయినా దాచుకున్నదానితో నెట్టుకొస్తాయి.

మూడో బంతి, ఎంతసేపైనా ఆగగలిగినవి. ఆటల డౌన్‌లోడ్లు, ఫోన్ల, కంప్యూటర్ల అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్పు. ఇవి రాత్రి రెండింటికి జరిగినా అడిగేవారు లేరు.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు దేశం మొత్తానికీ ఇలాంటి పంపకమే చేయవలసి వచ్చింది. అందరూ ఇళ్ళలో ఉండి ఆఫీసు పనీ, సినిమాలూ ఒకేసారి మొదలుపెట్టేసరికి తీగల మీద బరువు పెరిగింది. అప్పుడు మన దేశంలో వీడియోలు చూపించే పెద్ద కంపెనీలన్నీ కూడబలుక్కుని, మొబైలు నెట్‌వర్కులో బొమ్మ స్పష్టతను 480 మెట్టు దాటనివ్వకుండా ఏప్రిల్ 14 వరకు తగ్గించాయి. సినిమా ఆగలేదు, బొమ్మ కాస్త మసకబారింది, అంతే. దేశానికి పనికొచ్చిన పద్ధతి మన మూడు గదుల ఇంటికి పనికిరాదా?

రౌటరుకు చెప్పే విధానం

ఇప్పుడు అసలు పని. ఇంట్లో కాస్త పెద్ద పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. లేకపోయినా భయపడవలసింది ఏమీ లేదు.

మొదటిది: ముందుగా వేగం కొలవండి. ఇంట్లో మిగతా అందరినీ ఐదు నిమిషాలు ఆపమని చెప్పి, రౌటరు పక్కనే నిలబడి, ఫోనులో ఫాస్ట్ డాట్ కామ్ అనే చోటికి వెళితే చాలు. అక్కడే వివరాలు చూపమంటే అప్‌లోడు వేగమూ, ఆలస్యమూ కూడా చూపిస్తుంది. ఆ ఆలస్యం రెండు రకాలుగా ఉంటుంది. తీగ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, బరువు మీద ఉన్నప్పుడు ఎంత అని. ఖాళీగా ఉన్నప్పుడు 10, బరువు మీద 300 అని వచ్చిందనుకోండి, మీ ఇంట్లో కొరత వేగానికి కాదు, వరసకే. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి కొలిచి, రెండూ కాగితం మీద రాసుకోండి.

రెండవది: రౌటరు లోపలికి వెళ్ళడం. పెట్టెను తిరగేస్తే అడుగున ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద 192.168.1.1 లేదా 192.168.0.1 వంటి అంకెలూ, లోపలికి వెళ్ళే పేరూ, పాస్‌వర్డూ ఉంటాయి. ఇంటి వై-ఫైలో ఉన్న ఫోనులో ఆ అంకెలు కొడితే తలుపు తెరుచుకుంటుంది. కొన్ని రకాలకు ఫోనులో వేసుకునే యాప్ ఉంటుంది, అది ఇంకా సులువు. చీటీ మీది పాస్‌వర్డు ఇంకా మార్చకుండా ఉంటే ఇప్పుడే మార్చి, గ్యాసు పుస్తకం పక్కన పెట్టుకునే ఇంటి నోటుబుక్కులో రాయండి.

మూడవది: లోపల క్వాలిటీ ఆఫ్ సర్వీస్ అనిగానీ, పొట్టిగా క్యూఓఎస్ అనిగానీ, డివైస్ ప్రయారిటీ అనిగానీ ఒక మాట వెతకండి. అదే మన వడ్డన తలుపు. దాన్ని ఆన్ చేయగానే చాలా రకాలు "మీ మొత్తం వేగం ఎంత?" అని అడుగుతాయి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ప్లాను కాగితం మీది అంకె వేయకండి. మీరు కొలిచినప్పుడు తక్కువగా వచ్చిన అంకె తీసుకుని, అందులో 85 నుంచి 90 శాతం మాత్రమే వేయండి. 40 వచ్చిందంటే 35 వేయండి. అప్‌లోడు 10 వచ్చిందంటే 9 వేయండి.

"అయ్యో, ఉన్నది చేజేతులా తగ్గించుకోవడమేమిటి?" అంటారు. చెబుతాను. వరస మన వంటింటి గుమ్మం దగ్గర ఉంటే ఎవర్ని ముందు పిలవాలో మన చేతిలో ఉంటుంది. అదే వరస వీధి చివర, కంపెనీవారి పెట్టెలో నిలబడితే అక్కడ మన మాట చెల్లదు. తీగ పట్టేదానికంటే కాస్త తక్కువగా పంపితే వరస మన రౌటరులోనే నిలుస్తుంది. ఆ పదో పరకో శాతం అన్నం వార్చేటప్పుడు పోయే గంజి వంటిది. అది పోతేనే అన్నం పొడిపొడిగా వస్తుంది.

నాలుగవది: పరికరాల జాబితా కనిపిస్తుంది. దానిలో ఏ పేరు ఏ ఫోనుదో గుర్తుపట్టి, మన వాడుక పేర్లు పెట్టండి - అత్తగారి ఫోను, హాలు టీవీ, చిన్నాడి లాప్‌టాప్ అని. తర్వాత మొదటి బంతివారికి ప్రయారిటీ ఇవ్వండి. కొన్నింటిలో ఇది గంట సేపనో, రెండు నాలుగు గంటలనో, ఎల్లప్పుడూ అనో ఎంచుకోవచ్చు. పరీక్ష ఉన్న రోజున పిల్లవాడి లాప్‌టాప్‌కు నాలుగు గంటలు ఇస్తే, సమయం కాగానే అదే మామూలు వరసలోకి వచ్చేస్తుంది.

ఐదవది: మళ్ళీ కొలవండి. బరువు మీద ఆలస్యం 300 నుంచి 30, 40 దగ్గరికి దిగిందంటే పని అయినట్టే. మొత్తం వేగం సగానికి సగం పడిపోయిందంటే మాత్రం, ఆ రౌటరుకు ఈ లెక్కలన్నీ చూసే శక్తి చాలడం లేదన్నమాట. చవక రౌటర్లకు పెద్ద ప్లాను తగిలిస్తే ఇలా జరుగుతుంది. అప్పుడు ఆ సదుపాయం ఆపేసి, బ్యాకప్పులనూ డౌన్‌లోడ్లనూ రాత్రికి మార్చుకోవడం మేలు.

కొన్ని కొత్త రౌటర్లు మనం చెప్పకుండానే అందరికీ సమంగా పంచుతాయి. వరసలో ఎవరూ ఎక్కువసేపు పేరుకుపోకుండా చూసే ఒక పద్ధతిని 2012లో కాథ్లీన్ నికోల్స్ అనే మహిళ, వాన్ జాకబ్సన్ అనే ఆయనా కలిసి ప్రకటించారు. దాని పేరు కోడెల్. కోడెదూడ అనుకునేరు సుమా! ఆ పద్ధతిని పెంచి తయారుచేసిన ఎఫ్‌క్యూ-కోడెల్ అనేది చాలా పరికరాల్లో ఉంది. కొత్త రౌటరు కొనేటప్పుడు ఈ పేరు అడిగి చూడండి. క్యూల కష్టం బాగా తెలిసిన జాతి మనది, దానికి మందు కనిపెట్టినవారిలో ఒక ఆడమనిషి ఉండడం నాకు మహా సంతోషం.

ఎవరిని ముందు కూర్చోబెట్టాలి?

ఇంతవరకు చెప్పింది పెట్టె సంగతి. ఇక మనుషుల సంగతి.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు" అని సామెత. రౌటరు అనే వడ్డించేవాడికి మనవాడు, పరాయివాడు అనే భేదం లేదు. లోపలికి వెళ్ళి ఎవరు చెబితే వారి మాట వింటాడు. చాలా ఇళ్ళలో ఆ తాళం శ్రీవారి దగ్గరో, పెద్దబ్బాయి దగ్గరో ఉంటుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఎవరి కష్టం వారికి కనిపిస్తుంది, అంతే. ఆఫీసు లాప్‌టాప్‌కు ఎల్లప్పుడూ మొదటి వంతు ఇచ్చేస్తారు. ఆ లాప్‌టాప్ రాత్రంతా అప్‌డేట్లు దింపుకుంటున్నా దానికే మొదటి పీట!

మనుషుల హోదాను బట్టి కాక, పని అవసరాన్ని బట్టి వంతు ఇవ్వాలి. పదకొండింటికి శ్రీవారి మీటింగు ఉంటే పదకొండింటికి ఆయనది. నాలుగింటికి అమ్మాయి ఇంటర్వ్యూ ఉంటే నాలుగింటికి అమ్మాయిది. సాయంత్రం మామగారు డాక్టరుతో మాట్లాడవలసి ఉంటే అప్పుడాయనది. మరి మనది?

ఇక్కడ ఒక్క మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. అందరికీ వడ్డించి ఆఖరున కూర్చోవడం మనకు అలవాటు. అది కూరల దగ్గర చెల్లింది. ఈ మూడు బంతుల కాగితం రాసేటప్పుడు కూడా మన చెయ్యి మన ఫోనును అడుగుకు తోసేస్తుంది. మీరు ఇంట్లో కూర్చుని ట్యూషన్లు చెబుతున్నారా? పచ్చళ్ళకో చీరలకో వీడియో కాల్లో ఆర్డర్లు తీసుకుంటున్నారా? ఏదైనా కోర్సు చదువుతున్నారా? అయితే అది కూడా ఆగలేని పనే. దాన్ని మొదటి బంతిలోనే రాయండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ అమ్మే తనకు తాను పెట్టుకోకపోతే ఇక పెట్టేదెవరు?

అలాగని ఇంట్లో పది పరికరాలకూ ప్రయారిటీ ఇస్తే లాభం లేదు. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు? ఒక సమయానికి రెండో మూడో, అంతే. ఈ ఏర్పాటును పిల్లల మీద శిక్షగా కూడా వాడకండి. "మార్కులు రాలేదు, నీ ఫోను ఆఖరి బంతి" అన్నారంటే, వాడు నాలుగు రోజుల్లో పాస్‌వర్డు కనిపెట్టి మనల్నే ఆఖరి బంతిలో కూర్చోబెడతాడు! వాడినీ కూర్చోబెట్టుకుని, వాడి చేతనే కాగితం రాయించండి. ఆట దింపుకోవడానికి రాత్రి పదకొండు తర్వాత ఇంటి వేగమంతా నీదేనని చెప్పండి. ఇష్టంగా ఒప్పుకుంటాడు.

దీనివల్ల కాని పనులు

ఉన్నదాన్ని పంచడమే తప్ప, లేనిదాన్ని పుట్టించడం ఈ పద్ధతికి చేతకాదు. మొదటి రెండు బంతుల పనుల మొత్తమే ప్లానుకు మించిపోతే అప్పుడు పెద్ద ప్లాను వేయించడం న్యాయం. నెలలో కొంత వాడకం దాటాక కంపెనీవారు వేగం తగ్గించే షరతు ఉంటే, నెలాఖరు కష్టం దానిది. అలాగే వీధిలో తీగ తెగినా, సాయంత్రాలు కంపెనీవైపే రద్దీ ఉన్నా, మన వరస ఏమీ చేయలేదు. అందుకే పొద్దున, రాత్రి కొలిచి రాసుకోమన్నాను. ఆ కాగితం చేతిలో ఉంటే కంపెనీకి ఫిర్యాదు చేయడానికి బలం ఉంటుంది.

ఒక్క గదిలోనే కష్టమైతే అది గోడల కష్టం. రౌటరు పక్కన బాగుండి పడగ్గదిలో రాకపోతే వంతులు మార్చి ప్రయోజనం లేదు. పెట్టెను ఇనుప బీరువా పక్కనుంచీ, ఫ్రిజ్ వెనకనుంచీ తీసి, ఇంటికి నడుమగా, కాస్త ఎత్తున పెట్టండి. వై-ఫైలో 2.4 అని ఒకటి, 5 అని ఒకటి కనిపిస్తే, దగ్గరగా ఉన్న టీవీకీ లాప్‌టాప్‌కూ 5 కలపండి. దూరపు గదులకు 2.4 నయం. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ 2.4 దరిదాపుల్లోనే పనిచేస్తుంది కనుక దానికి దూరంగా ఉంచడం మంచిది. కదలని టీవీకి తీగే వేసేస్తే గాలిలో రద్దీ తగ్గుతుంది.

ఇంకో చిక్కు. కొత్త ఫోన్లు గోప్యత కోసం రౌటరుకు తమ అసలు గుర్తింపు సంఖ్య ఇవ్వకుండా మారుపేరు వంటిది ఇస్తాయి. అది మారిందంటే రౌటరు ఆ ఫోనును కొత్త చుట్టం అనుకుని, మనమిచ్చిన వంతు మరిచిపోతుంది. నిన్నటిదాకా బాగుండి ఇవాళ పనిచేయకపోతే ఆ జాబితా ఒకసారి చూడండి. ఫోనులో మన ఇంటి వై-ఫై వరకు ఆ సంఖ్య మారకుండా ఉంచే వీలుంటుంది.

కంపెనీవారు ఇచ్చిన పెట్టెల్లో కొన్నింటికి ఈ ప్రయారిటీ తలుపే ఉండదు, లేదా తాళం వేసి ఉంచుతారు. కంపెనీకి ఫోను చేసి అడగండి. వీలు కాదంటే, మన సొంత రౌటరు కొని దాని వెనక తగిలించుకోవచ్చు. అప్పుడు పాత పెట్టె వై-ఫైని ఆపేసి, ఇంట్లోని పరికరాలన్నింటినీ కొత్తదానికే కలపాలి. సగం అటూ సగం ఇటూ ఉంటే వడ్డించేవాళ్ళు ఇద్దరయి, వరస చెడుతుంది.

మన దేశంలో ఇంటర్నెట్టును 1995 ఆగస్టు 15న ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు. ఆ తొలి రోజుల్లో టెలిఫోను తీగ మీదే అది నడిచేది. అది పెట్టినంతసేపూ ఇంటి ఫోను మోగేది కాదు. ఊళ్ళోంచి అమ్మ ఎన్నిసార్లు చేసినా ఎంగేజే! ఒక తీగ, ఇద్దరికి కావాలి, ఎవరికి ముందు అనే తగవు ఆ రోజునే మొదలైంది. ఇప్పుడు తీగ లావెక్కింది, అడిగేవారూ పెరిగారు. తగవు మాత్రం అదే.

కాబట్టి వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక అరగంట కేటాయించండి. కాగితం, కలం తీసుకుని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మూడు బంతులు రాయండి. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. రౌటరు పాస్‌వర్డు మీ నోటుబుక్కులో ఉండాలి, అది మాత్రం మరవకండి. ఉన్నదాన్ని నలుగురికీ సరిపెట్టడం మనకు ఎవరూ నేర్పనక్కరలేని విద్య. ఈసారి వడ్డించేటప్పుడు మీకూ ఒక విస్తరి వేసుకోండి.